పసుపంటిన హాల్‌టికెట్

బాసరలో అమ్మవారి ఒంటి పసుపునే ప్రసాదంగా ఇస్తారు. నాలుక మీద వేసుకుంటే చదువు వస్తుందని మా నమ్మకం. మా అబ్బాయి జేఈఈ హాల్‌టికెట్‌నూ రెండు పెన్నులనూ పూజారిగారు పాదాలకు తాకించి ఇచ్చినప్పుడు, నంబరులో చివరి అంకె మీద పసుపు అంటింది. తుడవబుద్ధి కాలేదు. ‘5 వేల లోపు ర్యాంకు రావాలి తల్లీ’ అని మొక్కాను.

గోదావరి మెట్లు దిగుతుంటే ఆ మొక్కు గుండెలో ముల్లులా గుచ్చుకుంది. చదువు ఇమ్మంటే ఎవరి చదువూ తరగదు. ర్యాంకు అలా కాదు. 23 ఐఐటీల్లో కలిపి సీట్లు 18 వేల దరిదాపుల్లోనే. మావాడు ఒక మెట్టు ఎక్కాలంటే ఇంకెవరి బిడ్డో దిగాలి. ఆ బిడ్డను కన్నతల్లి కూడా ఏదో గుడిలో మొక్కే ఉంటుంది.

కష్టపడ్డవాళ్ళకే ఫలం అంటాం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. నా క్లాసులో ఒక అమ్మాయి తల్లి బీడీలు చుడుతుంది. బడి నుంచి రాగానే ఆ పిల్ల నానిన తునికాకు కత్తిరిస్తూ, చేటకు ఆనించిన పుస్తకంలో త్రికోణమితి చదివేది. పేజీ తిప్పాలంటే తడిచెయ్యి లంగాకు తుడుచుకునేది. మావాడు హైదరాబాద్ హాస్టల్లో రోజూ 14 గంటలు చదివాడు. వాడి కళ్ళకింద నలుపు చూసి నేను ఏడ్చాను. వాడి కష్టం తక్కువేమీ కాదు. కానీ ఆ కష్టం పడే చోటు కోసం ఏటా 2 లక్షలు కట్టాను.

అదంతా పూర్వజన్మ ఫలం అంటారు కొందరు. నేను ఒప్పుకోను. ఆ మాట చెప్పి ఆ పిల్లకు మనం పడ్డ బాకీ ఎగ్గొడుతున్నాం.

అదే బాసరలో 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీ ఉంది. పదో తరగతి గ్రేడ్లతో సీట్లిచ్చిన రోజుల్లో సర్కారు బడి పిల్లలకు 0.4 కలిపేవారు. 9.3 వచ్చిన పిల్లకు 9.7 అయ్యేది. స్టాఫ్‌రూమ్‌లో ఒక మిత్రుడు దాన్ని భిక్ష అన్నాడు. భిక్ష కాదు, తేలిక తట్టకు పాసంగం కట్టడం. నాకు తెలిసిన ధర్మం అదే.

పరీక్షల ముందు ఆ అమ్మాయి తల్లి బడికి వచ్చింది. చేతిలో కొబ్బరికాయ సంచి, వేళ్ళకు పొగాకు వాసన.

“సారూ, బాసరకు పోతున్నం. అమ్మవారికి ఏమని మొక్కాలె?”

“పిల్ల భయపడకుండా రాయాలని మొక్కమ్మా” అన్నాను. మా అబ్బాయి కోసం నేనేం మొక్కానో ఆమెకు చెప్పలేకపోయాను.