ఆల్చిప్ప ఎవరి సాక్షి?

స్కానింగ్ సెంటర్ల గోడల మీద చూసే ఉంటారు. ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు, అది చట్టరీత్యా నేరం అని రాసి ఉంటుంది. 1994 చట్టం వచ్చాక తెలుగులో లింగ నిర్ధారణ అనగానే మనకి ఆ బోర్డే గుర్తొస్తుంది. ఆ బోర్డు వెనక పుట్టకుండా పోయిన ఆడపిల్లలు గుర్తొస్తారు. జీవశాస్త్రం పాఠంలోనూ ఇదే మాట ఉంది కానీ అక్కడ అర్థం వేరు. కడుపులో ఉన్నది ఎవరో కనిపెట్టడం గురించి ఆ పాఠం మాట్లాడదు. ఒక ప్రాణి ఆడదో మగదో అయ్యేది దేనివల్ల అని అడుగుతుంది. నేరానికీ పాఠానికీ ఒకే పేరు ఉండటం నన్ను చాలాకాలంగా ఇబ్బంది పెడుతోంది. అయితే ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ బోర్డు కాదు, నేను చేసిన ఒక తప్పు.

కొంతకాలం కిందట జెండర్ మీద జరిగిన ఒక సదస్సులో పత్రం చదివాను. అందులో ఆల్చిప్పల ప్రస్తావన తెచ్చాను. జపాన్‌లో, ఫ్రాన్స్‌లో, అమెరికా పడమటి తీరంలో సాగుచేసే పసిఫిక్ ఆల్చిప్ప ఒక ఏడాది మగదిగా ఉండి మరో ఏడాది ఆడదవుతుంది, మళ్ళీ మగదీ కావచ్చు. ప్రకృతికే లేని పట్టుదల మన సమాజానికి ఎందుకు అని ముగించాను. చప్పట్లు కూడా కొట్టారు. సాయంత్రం టీ దగ్గర, హాస్టల్ రోజుల నుంచీ నాతో ఉన్న, మత్స్యశాస్త్రం చదివిన స్నేహితురాలు అడిగింది.

"బాగానే చదివావు గానీ, ఎప్పటికీ మారని ఆల్చిప్పలు కూడా ఉన్నాయని తేలితే నీ పత్రం ఏమవుతుందే?"

"తేలిందా?"

"ఆ మాట వచ్చి పాతికేళ్ళు దాటింది."

ఆ రాత్రే చదవడం మొదలుపెట్టాను. పసిఫిక్ ఆల్చిప్పలో పది జతల క్రోమోజోములుంటాయి. మనలో ఎక్స్, వై అని వేరుగా కనిపించే జంటలాంటిది మైక్రోస్కోపులో కనబడదు. పైనుంచి చూసి ఆడదో మగదో చెప్పడం కూడా సాధ్యం కాదు. చిప్ప విప్పాలి, లేదా అంచు దగ్గర చిన్న గంటు పెట్టి లోపలి నుంచి నమూనా తీయాలి. సాధారణంగా తొలిసారి మగదిగా పండుతుంది. వయసు పెరిగేకొద్దీ, ఒళ్ళు పెరిగేకొద్దీ ఆడవాటి సంఖ్య పెరుగుతుంది. తిండి తక్కువైతే మగవి ఎక్కువవుతాయి. నీటి వేడి ప్రభావం కూడా ఉంది. ఇంతవరకూ నా పత్రానికి ఢోకా లేదు.

1998లో షిమింగ్ గువో, డెనిస్ హెజ్‌కాక్, వాళ్ళ సహచరులు ఒక నమూనా ప్రతిపాదించారు. ఎంచుకున్న తల్లిదండ్రులని జతకట్టించి, ఏ కుటుంబంలో ఎన్ని ఆడవి, ఎన్ని మగవి తేలాయో లెక్కపెట్టి చేసిన ప్రతిపాదన అది. ఒక జన్యువుకి ఎం, ఎఫ్ అని రెండు రూపాలు. ఎం-ఎఫ్ ఉన్నవి నిజమైన మగవి, అవి మారవు. ఎఫ్-ఎఫ్ ఉన్నవి మారగలవి. అవి మగగా పండొచ్చు, ఆడగా పండొచ్చు. అది తేల్చేది చుట్టూ ఉన్న పరిస్థితులు, మరికొన్ని జన్యువులు. 2010లో ఫిలిప్ హెడ్రిక్‌తో కలిసి అదే హెజ్‌కాక్ ఈ లెక్కని తిరగేశాడు. రెండు కాదు, మూడు రకాలుంటే కుటుంబాల లెక్కలు ఇంకా బాగా కుదురుతాయన్నారు. మారని మగ, మారని ఆడ, మధ్యలో మారగలది.

అంటే నేను చప్పట్లు కొట్టించుకున్న స్వేచ్ఛాజీవి పన్నెండేళ్ళలో రెండుసార్లు మారిపోయింది. మారింది ఆల్చిప్ప కాదు, దాని గురించి మనకున్న ఎరుక. నా వాదన దాని మీద నిలబెట్టాను కాబట్టి అదీ దాంతోపాటు ఊగింది.

ఇక్కడ కాసేపు సాహిత్య విద్యార్థిగా మాట్లాడనివ్వండి. 1998 నమూనాలో ఎఫ్-ఎఫ్ ఆల్చిప్ప తొలి ఏడాది మగది. వీర్యం విడుదల చేస్తుంది, తండ్రి అవుతుంది. అయినా దాని పేరు 'ముందు మగగా పండే ఆడది'. అది జీవితమంతా మగదిగానే గడిపినా కాగితం మీద ఆడదే! రెండు ఎఫ్-ఎఫ్‌లు, ఒకటి మగ దశలో, ఒకటి ఆడ దశలో కలిస్తే పుట్టే పిల్లకి తండ్రి కూడా పేరుకి ఆడదే. మారని దానికి 'నిజమైన' అన్న విశేషణం దక్కింది. మారేదానికి దక్కలేదు. శాస్త్రవేత్తలకి దురుద్దేశం ఉందని నేననను. ఏదో ఒక పేరు పెట్టాలి కదా. కానీ స్థిరంగా ఉన్నదే నిజం అన్న భావన ప్రయోగశాలలో పుట్టలేదు.

ఎం రూపం ఎఫ్ మీద 'డామినెంట్'. ఇంగ్లీషులో ఈ మాటలో పెత్తనం వినిపిస్తుంది. మన తెలుగు పాఠ్యపుస్తకం దీన్ని బహిర్గతం అంది, రెండోదాన్ని అంతర్గతం అంది. మొదట చూసి సంబరపడ్డాను, మన అనువాదకులు పెత్తనాన్ని తీసేశారని. తర్వాత తట్టింది, గడప బయట ఒకరు, గడప లోపల ఒకరు. ఇందులో సంబరపడేదేముంది?

మా ఇంటి సంగతి చెప్పాలి. మేం ముగ్గురం ఆడపిల్లలం. మూడోసారి కూడా ఆడపిల్లేనని తెలిసి నాయనమ్మ ఆసుపత్రికి రాలేదట. అమ్మ తిన్న మాటలు ఇక్కడ రాయను. చదివేవాళ్ళలో చాలామంది ఇళ్ళలో అవే మాటలు. పదో తరగతిలో ఎక్స్, వై పాఠం వచ్చిన రోజు నేను పుస్తకం పట్టుకుని పరిగెత్తుకొచ్చాను. వై ఇచ్చేది తండ్రే, తల్లి దగ్గర ఎక్స్ తప్ప ఇంకోటి లేదు. వంటింట్లో అమ్మకి, వరండాలో నాయనమ్మకి గట్టిగా చదివి వినిపించాను. న్యాయం జరిగిపోయిందనుకున్నాను. నాయనమ్మ విని, "నా కొడుకుని అంటావుటే?" అంది. అమ్మ గిన్నె దించుతూ, "ఇన్నాళ్ళూ వాళ్ళకి తెలియక అన్నారనుకున్నావా?" అంది.

ఆ పాఠం వెనక ఒక స్త్రీ ఉందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. 1905లో అమెరికాలో బ్రిన్ మార్ కళాశాలలో నెట్టీ స్టీవెన్స్ పిండి పురుగుల కణాలు చూస్తూ, పుట్టేది ఆడదా మగదా అన్నది తండ్రి వీర్యకణంలోని క్రోమోజోముతో ముడిపడి ఉందని గుర్తించింది. 1912లో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది. ఆమె కనిపెట్టింది నిజం, గొప్ప నిజం. వందేళ్ళు గడిచాయి, వరండాలో తీర్పు మారలేదు.

ఎందుకంటే ఆ తీర్పు సమాచారం మీద ఆధారపడింది కాదు. మన పాత పుస్తకాలు చూడండి. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో స్త్రీ క్షేత్రం, పురుషుడు బీజం, బీజమే గొప్పది. ఏ విత్తు వేస్తే ఆ పంట. మరి ఆ లెక్కన ఆడపిల్ల పుడితే విత్తునే అనాలి కదా? అబ్బే, మూడో అధ్యాయంలో స్త్రీ బీజం ఎక్కువైతే ఆడపిల్ల అని ఉంది. గొప్పతనం పంచేటప్పుడు ఆమె వట్టి నేల, నింద పంచేటప్పుడు ఆమెకీ బీజం వస్తుంది. స్వాతి చినుకు ముత్యపు చిప్పలో పడి ముత్యమవుతుందన్న కవిసమయం కూడా నాకు ఇప్పుడు అలాగే వినిపిస్తోంది. చిప్ప చేసిన పనేమీ లేనట్టు, నోరు తెరిచి ఉండటమే దాని వంతైనట్టు. 1998 నమూనా ప్రకారం ఆల్చిప్పల్లోనూ ఎం వచ్చేది తండ్రి నుంచే. తల్లి ఎప్పుడూ ఎఫ్-ఎఫ్. పదో తరగతిలో ఉండగా ఇది తెలిసి ఉంటే దీన్నీ పట్టుకుని పరిగెత్తేదాన్ని.

సాగుచేసేవాళ్ళకి ఈ గొడవ వేరేరకంగా పట్టింది. కొనేవాడికి ఆడదైనా మగదైనా ఒకటే రుచి. ఇబ్బందల్లా పండటంతోనే. వేసవిలో గుడ్లతో, వీర్యంతో ఒళ్ళంతా పాలలా అయిపోతుంది, విడుదల చేశాక చిక్కి పలచబడుతుంది. ఒక్క పెద్ద ఆడ ఆల్చిప్ప కోట్ల గుడ్లు విడుస్తుంది. అందుకని మూడు సెట్ల క్రోమోజోములుండే త్రయస్థితిక ఆల్చిప్పలు తయారుచేశారు. 1994లో గువో, స్టాండిష్ ఆలెన్ నాలుగు సెట్లవాటిని సృష్టించాక, వాటిని మామూలువాటితో కలిపి ఇవి పెద్దఎత్తున వస్తున్నాయి. ఇవి దాదాపు పిల్లల్ని కనలేవు. ఆ శక్తంతా ఒంటికే పడుతుంది, ఏడాది పొడుగునా అమ్ముడవుతాయి. ఫ్రాన్స్‌లో వీటిని నాలుగు రుతువుల ఆల్చిప్ప అంటారు.

ఇది చదువుతూ మళ్ళీ నా చెయ్యి కలం వైపు పోయింది. కనడం ఒంటిని ఎంత పీలుస్తుందో చూడండి, కనని ఒళ్ళు ఎలా నిండుగా ఉందో చూడండి అని రాసేద్దామనిపించింది. పెళ్ళయి తొమ్మిదేళ్ళు, పిల్లలు వద్దనుకున్నాం, ఎవరెవరికో జవాబు చెప్పీ చెప్పీ విసిగిపోయి ఉన్నాను. ఒక ఉపమానం దొరికితే ఎంత హాయి! ఆగిపోయాను. త్రయస్థితిక ఆల్చిప్ప వద్దనుకోలేదు. దాని కోసం ఇంకొకరు, తమ అమ్మకం కోసం, నిర్ణయించారు. నేను వద్దనుకున్నది నా నిర్ణయం. దాని మంచిచెడ్డలు నాతోనూ నా సహచరుడితోనూ తేలాలి గానీ ఫ్రాన్స్ తీరంలోని చిప్పలతో కాదు. మగవాడి పెత్తనానికి సింహాన్ని సాక్షి తెచ్చిన వాళ్ళని ఎన్ని వ్యాసాల్లో ఎద్దేవా చేశాం? సింహం చెల్లనిచోట ఆల్చిప్ప మాత్రం ఎలా చెల్లుతుంది? మారగలిగినవాళ్ళకీ, మారలేనివాళ్ళకీ, మారనివాళ్ళకీ ఒకే గౌరవం కావాలని అడుగుతున్నప్పుడు, మారడం ప్రకృతిలో ఉందా లేదా అన్న ప్రశ్నకి ఆ గౌరవాన్ని తాకట్టు పెట్టడం నాకిప్పుడు భయంగా ఉంది. అలాగని శాస్త్రం వద్దనటం లేదు. అబద్ధపు శాస్త్రం ఎవరైనా మన మీదకి విసిరితే దాన్ని పట్టుకోవడానికి ఇది చదవాలి. అంతకంటే ముందు, ఆల్చిప్ప ఆసక్తికరమైన ప్రాణి కాబట్టి చదవాలి.

సదస్సు పత్రాలు పుస్తకంగా వస్తున్నాయి. నా వ్యాసంలోంచి ఆ పేరా తీసేశాను. అందులో అదే బాగుంది కదా అన్నారు సంపాదకులు.

మొన్న ఊరెళ్ళినప్పుడు అమ్మకి ఇదంతా చెప్పాను. ఆవకాయకి కాయలు కడిగి తుడుస్తూ విన్నది. మా చిన్నప్పుడు మామిడికాయ చెక్కు తీయడానికి అరగదీసి కన్నం పెట్టిన ఆల్చిప్ప ఒకటి ఉండేది, అది ఎటు పోయిందో అని కాసేపు వెతికింది. వెతుకుతూనే అడిగింది.

"తిండి తగ్గితే మగవైపోతాయా?"

"ఎక్కువగా అంతేనట."

"అట్లాగయితే, ఈ ఇంట్లో నేను ఎప్పుడో అయిపోయుండాలి."