ఎర్త్ పిన్ను విరిచిన తమ్ముడు

అనంతపురం వైపు ఒక ఊళ్లో అన్నదమ్ములిద్దరు ఇంటి వెనక రేకుల షెడ్డులో వెల్డింగ్ పని చేసుకునేవారు. అన్న గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసేవాడు. తమ్ముడు ట్రాక్టర్ ట్రాలీలకు రిపేర్లు చేసేవాడు. ఇద్దరికీ ఒకటే ఇన్వర్టర్ వెల్డింగ్ మిషను. దాని కాళ్ల రబ్బరు ముక్కలు ఎప్పుడో ఊడిపోయాయి. నేల చెమ్మగా ఉందని ఇనప బల్ల కింద చెక్కలు వేసి, మిషనును ఆ బల్ల మీదే పెట్టుకునేవారు. పక్కనే గ్రైండరు.

ముసురు పట్టిన రోజుల్లో ఒక చిక్కు మొదలైంది. మిషను స్విచ్ వేస్తే చాలు, మెయిన్ బోర్డులో, కరెంటు కారితే సరఫరా ఆపే ఆర్‌సీసీబీ టప్పున పడిపోయేది. ఇల్లంతా చీకటి. ఎత్తితే మళ్లీ పడేది. మర్నాటికల్లా ట్రాలీ ఇస్తానని తమ్ముడు రైతుకు మాటిచ్చి ఉన్నాడు.

“మేస్త్రిని పిలుద్దాం రా” అన్నాడు అన్న.

“అంతవరకు ఆగేదెట్లా?” అని తమ్ముడు కటింగ్ ప్లేయర్ తీసుకుని ప్లగ్గుకున్న ఎర్త్ పిన్నును విరిచేశాడు. స్క్రూడ్రైవర్‌తో సాకెట్టు తలుపు తెరిచి, మిగిలిన రెండు పిన్నులు గుచ్చి స్విచ్ వేశాడు. ఆర్‌సీసీబీ పడలేదు. రాడ్డు చక్కగా మండింది. రాత్రికల్లా ట్రాలీ తయారైంది. “చూశావా అన్నా, రోగమంతా ఆ పిన్నులోనే ఉంది” అన్నాడు.

రెండు రోజుల తరువాత వాళ్లమ్మ వచ్చింది. “ఒరే, బర్రె ఆ బల్ల దగ్గరికి పోనంటా ఉంది. నిన్న మూలకు మెడ రుద్దబోయి ఎగిరి పడింది. అదేందో చూడండ్రా.”

తమ్ముడు కొట్టిపారేశాడు. అన్నకు మాత్రం గుండె ఝల్లుమంది. వెంటనే మిషను ఆపించి, ముసలి ఎలక్ట్రికల్ మేస్త్రిని పిలుచుకొచ్చాడు.

మేస్త్రి విరిగిన ప్లగ్గు చూసి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తమ్ముణ్ణి కూర్చోబెట్టాడు. “నువ్వు కరెంటు కారడం ఆపలేదు నాయనా, కారిపోతోందని చెప్పే దారిని మూసేశావు. పచ్చ ఎర్త్ వైరు లేకపోతే బల్లను ముట్టుకున్నవాడే ఎర్త్ వైరు అవుతాడు. బర్రె బతికిపోయింది. రేపు తడి కాళ్లతో మీయమ్మ ముట్టుకుంటే?”

“జాబుకు ఎర్త్ క్లాంపు పెట్టే చేస్తున్నా కదా మామా?”

“దాని పని వేరు. రాడ్డు గుండా పోయిన వెల్డింగ్ కరెంటు తిరిగి మిషనుకు చేరడానికి అది. లోపలి ట్రాన్స్‌ఫార్మరు ఆ కరెంటునూ ఇంటి కరెంటునూ విడదీసి ఉంచుతుంది. 230 వోల్టులు మిషను రేకులోకి దిగితే ఆ క్లాంపు నిన్ను కాపాడదు. పిన్నుల్లో ఎర్త్ పిన్నే పొడవు ఎందుకో తెలుసా? గుచ్చేటప్పుడు ముందు తగలాలి, పీకేటప్పుడు చివర వదలాలి.”

కొత్త త్రీపిన్ టాప్ బిగించాక మేస్త్రి వెతకడం మొదలుపెట్టాడు. ముందు సాకెట్టులో ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య టెస్ట్ బల్బు పెట్టాడు. ఆర్‌సీసీబీ పడింది. “మంచిది, ఎర్త్ బతికే ఉంది” అన్నాడు. మిషను గుచ్చకుండా ఇస్త్రీపెట్టె గుచ్చాడు, పడలేదు. అంటే సాకెట్టు మంచిదే. ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టి చూశాడు, పడలేదు. మిషను గుచ్చి స్విచ్ వేశాడు. రాడ్డు ఇనుమును తాకకముందే పడింది. అంటే తప్పు హోల్డరులో లేదు, క్లాంపులో లేదు, మిషను లోపలే ఉంది.

ప్లగ్గు పీకి, కెపాసిటర్లలో నిలిచిన కరెంటు దిగేదాకా ఆగి, మూత తీశాడు. గ్రైండరు నుంచి లేచిన ఇనప పొడిని మిషను ఫ్యాను లోపలికి లాగింది. చెమ్మకు తడిసి అది నల్లటి బూజులా పేరుకుంది. స్విచ్ వెనక ఫేజ్ టెర్మినల్ నుంచి రేకుదాకా గీత గీసినట్టు పాకింది. ఫేజ్, న్యూట్రల్ కలిపి బాడీకి మెగ్గర్ పెడితే ముల్లు దాదాపు సున్నా దగ్గరే నిలిచింది. బ్లోయరుతో ఊది, బ్రష్షుతో తుడిచి, ఆ స్విచ్ మార్చి, ఎండలో ఆరబెట్టాక మళ్లీ చూస్తే ముల్లు మెగ ఓమ్‌ల్లోకి వెళ్లింది. ఈసారి స్విచ్ వేస్తే ఆర్‌సీసీబీ పడలేదు.

వెళ్లబోతూ మేస్త్రి ఎర్త్ పిట్టు చూపించాడు. “ఈ గరప నేల వేసవిలో ఎండిందంటే పిట్టు 46 ఓమ్‌లు చూపవచ్చు. 230ని దాంతో భాగిస్తే 5 ఆంపియర్లే. మీ 20 ఆంపియర్ల ఎంసీబీ దానికి కదలదు. 30 మిల్లీఆంపియర్లకు పడే ఆ ఆర్‌సీసీబీయే దిక్కు. దాన్ని తిట్టుకోవద్దు. పిట్టులో నీళ్లు పోస్తూ ఉండండి. గ్రైండరును దూరంగా జరపండి.”

తమ్ముడు ఆ సాయంత్రమే గ్రైండరును షెడ్డు అవతలి మూలకు మార్చాడు.

నీతి: లేకపోయినా పని సాగిపోయే వస్తువును అక్కర్లేనిదనుకోవద్దు. ఎర్త్ వైరు ఏళ్ల తరబడి ఏ పనీ చెయ్యనట్టే ఉంటుంది. దాన్ని తీసేసినా మిషను ఆగదు, బల్బు ఆరదు, లోటు తెలియదు. తెలిసే రోజున ఒక ప్రాణం దాని బదులు నిలబడి ఉంటుంది. అందుకే అలాంటివాటి బాగోగులు అవసరం పడకముందే చూసుకోవాలి. ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి. అయితే ఆ బటన్ ఆర్‌సీసీబీని మాత్రమే పరీక్షిస్తుంది, ఎర్త్ తెగిపోయినా అది పనిచేస్తుంది. కాబట్టి ఎర్త్‌ను తెలిసినవాళ్లతో వేరుగా చూపించండి. పనికి అడ్డం పడుతోందని హెచ్చరించేదాని నోరు నొక్కినవాడికి ఒక పూట కలిసివస్తుంది. అది ఎందుకు అడ్డం పడుతోందో వెతికినవాడికి ఇల్లు నిలుస్తుంది.