పాత తివాసి - దానధర్మము

ఇంటిలోని పాత తివాసిని తీసివేయుట యొక ధర్మప్రశ్న యగునా యని చదువరులు నవ్వవచ్చును. తీసివేయుట ప్రశ్న కాదు. తీసిన పిదప దాని నెచ్చటికి పంపుదు మనునదే ప్రశ్న. మన గృహస్థులలో చాలమంది దీనిని ప్రశ్నగా నెంచకుండుటచేతనే మేమీ నాలుగు మాటలు వ్రాయ బూనితిమి.

తీయవలసిన హేతువును మొదట చెప్పుదుము. ఒత్తైన యున్ని తివాసి చలిసీమలకు దగిన వస్తువు. అచ్చట పాదములకు వెచ్చదనమే దాని ప్రయోజనము. మన కోస్తా మండలములందు గాలిలోని తేమ దాని పోగుల మొదళ్లలో నిలిచిపోవును. చీపురు పైదుమ్మునే గాని లోదుమ్మును తాకదు. ఆ లోదుమ్మునందు మన శరీరములనుండి రాలిన చర్మపు పొట్టును దిని బ్రతుకు కంటికానని పురుగులుండును. ఒక్కొక్కటి మిల్లీమీటరులో సుమారు మూడవ వంతు. వీనికిని ఉబ్బసమునకును గల సంబంధమును 1960వ దశకమున నెదర్లాండ్సు దేశమందలి లైడెన్ నగర పరిశోధకులు చూపిరి. హాని చేయునది ముఖ్యముగా వాని మలము. బిడ్డ రాత్రులందు పిల్లికూతలతో నూపిరి తీయుచుండగా పెద్దలు చలిగాలిని నిందింతురు గాని కాళ్లక్రిందికి జూడరు. ఉబ్బసమెల్ల తివాసివలననే యని మేమనము. పరుపులును దిండ్లును గూడ నీ పురుగులకు నెలవులే.

"మీ మామగారు కూర్చుండినది" యని యింటి వృద్ధురాలు కన్నీరు పెట్టుకొనినచో నా మాటను త్రోసివేయరాదు. అది ఏలూరి తివాసి యైనచో ముడివెంట ముడి చేతితో వేసిన పనివాని శ్రమయు నందు గలదు. అట్టిదానిని తెలిసినవారిచేత నుదికించి గోడను వ్రేలాడదీయవచ్చును. మనుమని యూపిరికి బదులుగా తన జ్ఞాపకమును నిలుపుమని యే తాతయు కోరియుండడు.

ఇక తీసిన పిదప? దొడ్డిలో దులిపి, ఒకపూట యెండవేసి, "ఇదిగో నమ్మా, నీ పిల్లలకు పరచుకొనుము" అని పనిమనిషి చేతిలో పెట్టుట మన యిండ్ల వాడుక. ఆమె రెండుచేతుల నందుకొనును. మనకు పుణ్యమును, గదికి చోటును ఒక్కసారిగా సమకూరును. కాని యెండకు పురుగు చచ్చినను దాని మలము గుణము మారదు. వైద్యుని మాటమీద మన బిడ్డ గదినుండి వెడలిన వస్తువు, ఒక్కటే గది గల యామె యింట, ఆమె బిడ్డ తలక్రింద చేరుచున్నది. ఆ గదికి కిటికీ కలదో లేదో మనలో నెందరు చూచియున్నారు?

కఠోపనిషత్తులో వాజశ్రవసుడు దక్షిణగా నిచ్చినవి పాలుడిగి, నీరు త్రావుటయు గడ్డి మేయుటయు ముగిసిన గోవులు. దానికి కలతపడినవాడు ఋత్విజుడు గాడు, పిల్లవాడైన నచికేతుడు. యముడు చెప్పిన విద్యను మనము శతాబ్దములుగా వ్యాఖ్యానించుచున్నాము. ఆ విద్యకు దారితీసిన యావులను మఱచితిమి. ఐనను ఆ యావులు పుచ్చుకొన్నవానికి నిరుపయోగములే గాని హానికరములు గావు. మన తివాసి యంతకంటెను తక్కువది.

"ఆమెయే యడిగినది, లేనివారుండగా పనికివచ్చు వస్తువును పాఱవేయుట ధనగర్వము గాదా?" యని కొందఱందురు. ఈ యాక్షేపణ తేలికయైనది గాదు. పేదవారికేది తగునో మనమే తీర్పు చెప్పుదుమనుటయు నహంకారమే. కాని యామె యడిగినది తివాసిని. దానితోడి దగ్గును గాదు. ఏల తీసివేసితిమో చెప్పి యిండు. ఒకరు వలదనవచ్చును, ఒకరు గుమ్మము వెలుపల పరచుకొనవచ్చును. అది వారి యిష్టము. పిల్లలు పండుకొనుటకే కావలసినచో, 2018లో భౌగోళిక సూచిక గుర్తింపును బడసిన వరంగల్లు నూలు జంపఖానా నొకదానిని క్రొత్తగా కొని యిచ్చుట మేలు. అది పలుచనిది, ఇంటనే యుదుకుకొనవచ్చును.

తీయు పని యెవరిదనునదియు నిచ్చటనే చేరును. సాధారణముగా యజమానుడు గుమ్మమున నిలిచి, ముక్కునకు కండువా యడ్డుపెట్టుకొని యాజ్ఞాపించును. కూలివాడు మోకాళ్లపై వంగి దుమ్మంతయు పీల్చును. వానికి మంచి మాస్కు నిచ్చి, కిటికీలు తెఱపించి, కొంచెము నీరు చిలుకరించి, పైముఖము లోనికి వచ్చునట్లు చుట్టింపవలెను. కృత్రిమపు పోగుల తివాసిని వీథిచివర తగులబెట్టరాదు; ఆ పొగ పొరుగు బిడ్డల కందును. క్రింద తాండూరు బండలో, కడప బండలో బయటపడును. లేచిన దుమ్ము దిగుటకు ఒకపూట విడిచి, వానిని తడిగుడ్డతో రెండుమార్లు తుడిచిన తరువాతనే బిడ్డ పక్కను మరల నా గదిలో వేయుదురు గాక.