సంతకం, సమ్మతి

బ్యాంకు ఋణపత్రాల చివర ఒక ధ్రువీకరణ ఉంటుంది. సంతకం చేసేవారికి ఆ పత్రం భాష రాకపోతే, అందులోని విషయాలన్నీ వారికి తెలిసిన భాషలో చదివి వివరించామని రాయాలి. ఆ మాటలు చెప్పినవాడి గురించే. విన్నవాడికి ఏం అర్థమయిందో అందులో ఎక్కడా ఉండదు.

బి.కాం.లో మేము చదువుకున్న 1872 నాటి ఒప్పందాల చట్టం 13వ సెక్షను మాత్రం, ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో అంగీకరిస్తేనే సమ్మతి అంటుంది. ఆ ‘ఒకే అర్థం’ ఎంత అరుదో నాందేడ్ జిల్లాలో కౌంటరు వెనుక కూర్చుంటే తెలుస్తుంది.

మన జిల్లా కథ పాఠకులకు తెలిసిందే. 1956లో హైదరాబాద్ రాష్ట్రాన్ని విడదీసినప్పుడు ఇక్కడి ముధోల్, భైంసా అటు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. ఆదిలాబాద్ జిల్లా కిన్వట్ తాలూకా ఇటు వచ్చింది. సరిహద్దు మారినా ఇళ్ళలో మాట మారలేదు. ధర్మాబాద్, బిలోలి, దేగ్లూర్ పల్లెల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. బ్యాంకు ఫారాలు మాత్రం మరాఠీ, హిందీ, ఇంగ్లీషు. వంద రూపాయల నోటు వెనుక ఉన్న 15 భాషల్లో తెలుగు ఒకటి. ఆ నోటును అప్పు తెచ్చుకునే కాగితం మీద దానికి చోటు లేదు!

మరాఠీలో ‘వ్యాజ్’ అంటే వడ్డీ; మనకు వ్యాజ్యమంటే కోర్టు దావా. ‘జామీన్‌దార్’ అంటే అప్పుకు హామీ ఉండేవాడు. మన చెవికది జమీందారు. మరాఠీ నేర్చుకోవద్దా అంటారా? నేర్చుకోవలసిందే. పిల్లలు నేర్చుకుంటూనే ఉన్నారు. కాని అరవయ్యేళ్ళ మనిషి భాష నేర్చేదాకా దుక్కి అదను ఆగదు.

ఫారాలు తెలుగులో అచ్చువేస్తే చాలుననే మిత్రులున్నారు. నాకా నమ్మకం లేదు. ‘పూచీదారు బాధ్యత ఋణగ్రహీత బాధ్యతతో సమానం’ అన్నది శుద్ధమైన తెలుగే. దేగ్లూర్ రైతుకు అది మరాఠీకన్నా దగ్గరేమీ కాదు. ‘ఆయన కట్టకుంటే మొత్తం మీరే కట్టాలె కాకా, ముందు ఆయన్నే అడగాలని బ్యాంకుకు రూలేం లేదు’ అంటే అర్థమవుతుంది.

అసలు చిక్కు ఇక్కడే. అలా చెబితే కాకా లేచి వెళ్ళిపోవచ్చు. ఆయన వెళితే పక్కింటాయనకు ట్రాక్టరు అప్పు పుట్టదు. ఆయన సావుకారు గడప ఎక్కుతాడు. కొంచెం మెత్తగా చెబితే ఇద్దరికీ మేలే కదా అంటారు తోటి ఉద్యోగులు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. చాలాసార్లు అప్పు తీరుతుంది కూడా. అయినా నేనొప్పుకోలేను. పక్కవాడి కోసం తన పొలాన్ని పణంగా పెట్టాలా వద్దా అన్నది కాకా తేల్చుకోవలసిన సంగతి. ఆయనకు తెలియకుండా ఆయన చేత త్యాగం చేయిస్తే ఆ పుణ్యం ఎవరి ఖాతాలో జమ చెయ్యాలి?

ఇప్పుడు కొన్ని అప్పులకు వేలిముద్ర కూడా అక్కరలేదు. ఫోను తెర మీద ‘అంగీకరిస్తున్నాను’ అని ఒక్క నొక్కు. అక్కడ మెత్తగా చెప్పడానికైనా మనిషి లేడు.

నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. వివరించడం అయ్యాక, ‘ఇప్పుడు మీరు నాకు చెప్పండి’ అని అడగడం. అయిదు నిమిషాలు పడుతుంది. మార్చి నెలాఖరులో అది తక్కువేం కాదు. కొందరు ‘మీరు చెప్పిందే సార్’ అని నవ్వి ఊరుకుంటారు. వారికి మళ్ళీ మొదటినుంచీ చెప్పాలి.