అత్త సొమ్ము, అల్లుడి దానం

ఒకరికి మేలు చెయ్యడానికి మంచి మనసొక్కటీ ఉంటే చాలుతుందా? చాలకేం, అంటారు మీరు. మన పెద్దవాళ్ళు మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు" అని ఒక చురక అంటించి ఊరుకున్నారు. ఆ సామెత ఈ మధ్య నాకు కంప్యూటర్ల విషయంలో గుర్తుకొచ్చింది.

మా ఆడపడుచు కూతురు ఒక ఆడిటరు గారి ఆఫీసులో పనిచేస్తోంది. అక్కడ కంప్యూటర్లన్నీ తీగలతో ఒకదానికొకటి కలిపి, వాటికీ బయటి ఇంటర్నెట్టుకీ మధ్య ఫైర్‌వాల్ పెట్టారు. వైఫై మాత్రం లేదు. ఆ లోపలి గదుల్లో ఫోన్లకి సిగ్నలు అందదు. వచ్చినవాళ్ళు బ్యాంకు కాగితమేదైనా ఫోన్లో తీసి చూపించాలంటే మెట్లు దిగి వీధిలోకి వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులతో ఒక పెద్దావిడ అలా దిగడం చూసి అక్కడి గుమాస్తా కుర్రాడికి జాలేసింది. తన డబ్బుతో చిన్న వైఫై పెట్టె కొనుక్కొచ్చి, బల్లకింద ఆఫీసు తీగకి తగిలించి, పాస్‌వర్డు కాగితం మీద రాసి గోడకి అంటించాడు. అందరూ అతన్ని దీవించారు. నెల తిరక్కుండా కంప్యూటర్లు చూసే ఆయన వచ్చి దాన్ని ఊడపీకి, నలుగురిలో చివాట్లు పెట్టాడు.

"అతను చేసిన పాపమేమిటి అత్తయ్యా?" అంది మా పిల్ల కోపంగా.

పాపం సంగతి తరవాత. ముందు ఆ గోడ సంగతి చూద్దాం. ఫైర్‌వాల్ అనే మాట కంప్యూటర్లవాళ్ళు పుట్టించింది కాదు. ఒక ఇంట్లో నిప్పంటుకుంటే పక్కింటికి పాకకుండా మధ్యలో కట్టే గోడకి ఆ పేరు. కంప్యూటర్ల ఫైర్‌వాల్ గుమ్మం దగ్గర కాపలావాడిలా నిలబడి, వచ్చేదాన్నీ పోయేదాన్నీ తనకి చెప్పిన నిబంధనల ప్రకారం సోదా చేస్తుంది. అయితే మామూలుగా దాని చూపంతా వీధివైపే. లోపలున్నవాళ్ళంతా ఇంటివాళ్ళే అనుకుంటుంది. ఆ కుర్రాడు పెట్టె తగిలించింది సరిగ్గా గుమ్మం లోపల! వైఫైకి ఇటుక గోడలు పూర్తి అడ్డు కావు. మెట్ల మీదికీ, కింద టీ కొట్టు దాకానూ పోతుంది. గోడమీది కాగితం చూసినవాడెవడైనా టీ తాగుతూ కూచుని ఆఫీసు మనిషైపోవచ్చు. ఇంతకీ లోపలున్నవేమిటి? ఎన్నో కుటుంబాల ఆదాయాలు, బ్యాంకు ఖాతాలు, పాన్ నంబర్లు.

ఇది వట్టి భయం కాదు. వైర్‌లెస్ నెట్‌వర్కులకి 1997లో ప్రమాణం ఏర్పడ్డప్పుడు దానితోపాటే వెప్ అనే తాళం ఇచ్చారు. అది ఎలా ఊడుతుందో 2001 కల్లా పరిశోధకులు చూపించారు. 2003లో డబ్ల్యూపీఏ, 2004లో అంతకంటే గట్టిదైన డబ్ల్యూపీఏ2, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చాయి. అమెరికాలో టీజేఎక్స్ అనే దుకాణాల సంస్థ పాత తాళాన్ని సకాలంలో మార్చుకోలేదు. దొంగలు దుకాణాల వైర్‌లెస్‌లోంచి దూరి, నాలుగున్నర కోట్లకు పైగా కార్డుల వివరాలు పట్టుకుపోయారని 2007లో బయటపడింది. బట్టలు కొనుక్కుని, కార్డు గీసి ఇంటికెళ్ళినవాళ్ళని ఆ తాళం సంగతి ఎవరడిగారు?

పక్కింటావిడ తిరుపతి వెళ్తూ తాళంచెవి మన చేతికిచ్చిందనుకోండి. ఎండన పడి వచ్చిన మనిషిని మనింట్లో కూచోబెట్టి మజ్జిగిస్తే అది మన పుణ్యం. జాలి ఇంకాస్త ముదిరి, పక్కింటి తాళం తీసి ఆవిడ మంచం మీద పడుకోబెడితే? వచ్చినవాడు దొంగే కానక్కర్లేదు. పూచికపుల్ల పోకపోయినా తప్పు తప్పే. ఆవిడ నమ్మకం మన దగ్గర ఇల్లడ పెట్టిన సొమ్ము. దాచడానికేగాని ఖర్చు పెట్టడానికి కాదు. ఆ కుర్రాడు తన డబ్బిచ్చాడు, అది దానమే. దాంతోపాటు ఇంతమంది నమ్మకాన్నీ ఇచ్చేశాడు. అదీ అల్లుడి దానం. ఆ మోకాళ్ళ నొప్పుల పెద్దావిడ లెక్కలు కూడా అందులోనే ఉన్నాయి మరి!

అలాగని ఊడపీకినాయన్ని మెచ్చుకోలేను. పెట్టె తీసేశాక ఆవిడ మళ్ళీ మెట్లు దిగవలసిందేగా! "కుదరదు" అనడమొక్కటే జాగ్రత్త అనుకునేవాళ్ళ గోడకి, జాలిగలవాడెవడో ఎప్పుడో ఒకప్పుడు కన్నం వేస్తాడు. తాళంచెవులు పట్టుకున్నవాడికి తలుపు వెయ్యడమే కాదు, వచ్చినవాళ్ళు ఎక్కడ కూచోవాలో చూడడం కూడా పనే.

దీనికి ఉపాయం మన పాత ఇళ్ళల్లోనే ఉంది. వీధి అరుగు! దారినపోయేవాళ్ళు దానిమీద కూచోవచ్చు, మంచినీళ్ళడగవచ్చు, పొద్దుపోతే తలవాల్చవచ్చు. నట్టింటి తలుపు మాత్రం వేసే ఉండేది. అందుకు ఎవరూ చిన్నబుచ్చుకునేవారు కాదు. ఆఫీసు వైఫైకీ ఇదే పద్ధతి. వచ్చినవాళ్ళకి వేరే నెట్‌వర్కు. అది ఇంటర్నెట్టుకి పోతుందిగాని, లోపలి కంప్యూటర్లవైపు ఫైర్‌వాల్ దాన్ని రానివ్వదు. ఉద్యోగులకి తలా ఒక పేరు, తలా ఒక పాస్‌వర్డు. ఒకరు మానేస్తే వాళ్ళొక్కరి తాళంచెవే రద్దవుతుంది. అందరికీ కలిపి ఒకటే పాస్‌వర్డయితే ఒకరు వెళ్ళినప్పుడల్లా అందరికీ మార్చాలి. అంత శ్రద్ధగా మార్చేదెవరు? తరవాత ఆ ఆఫీసులో ఇలాగే అమర్చారట.

ఈ లెక్క మన ఇళ్ళకీ వర్తిస్తుంది సుమండీ. "మధ్యాహ్నం మా ఇంట్లోనే భోజనం" అని నలుగురిని వెంటపెట్టుకొచ్చే మగవారి ఔదార్యం మనకి కొత్త కాదు. అన్నం పెట్టిన పుణ్యం ఆయనది, పొయ్యి దగ్గర చెమట ఇంకొకరిది. ఒక స్నేహితురాలిని ఓదార్చడానికి, వేరొకామె మనతో చెప్పుకున్న గుట్టు విప్పడమూ అలాంటిదే. ఇవ్వబోయే ముందు, ఇది నాదేనా అని ఒక్క క్షణం చూసుకోవాలి. కాకపోతే సొంతదార్లని అడగాలి. అకారణంగా కాదంటే పోట్లాడాలి. ఆ పోట్లాటకి కావలసిన ఓపిక అచ్చంగా మన సొమ్మే. అది ఎంత దానం చేసినా అడ్డు చెప్పేవారు లేరు.