నెల తప్పాక, పొద్దున్నే

బహిష్టు తేదీ రాకముందే కొందరు గర్భ నిర్ధారణ కిట్ తెచ్చేసుకుంటారు. ఆత్రం సహజమే. కానీ కిట్ పసిగట్టేది హెచ్‌సీజీ హార్మోన్‌ని. పిండం గర్భసంచికి అంటుకున్నాకే అది ఊరడం మొదలై, రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతుంది. అందుకే నెల తప్పేదాకా ఆగాలి. పొద్దున లేవగానే వచ్చే మూత్రం చిక్కగా ఉంటుంది, దాంతో చూడండి. కిట్ మీద 'సి' అక్షరం దగ్గర గీతే పడకపోతే కిట్ పనిచేయలేదన్నమాట. 'సి'తోపాటు 'టి' దగ్గర గీత లేతగా పడినా సాధారణంగా గర్భమే. ప్యాకెట్‌పై రాసిన సమయం దాటాక తేలిన గీతను మాత్రం నమ్మకండి. 'సి' గీత ఒక్కటే వచ్చి, నెలసరి ఇంకా రాకపోతే వారం ఆగి మళ్లీ చూడండి. పొత్తికడుపులో గట్టి నొప్పి, రక్తస్రావం ఉంటే కిట్ సంగతి వదిలేసి ఆసుపత్రికి పరుగెత్తండి. అన్నట్టు, ఆశా కార్యకర్తను అడిగితే 'నిశ్చయ్' కిట్ ఇస్తారు. అత్తగారు ఆరా తీసేలోపే మీకు తెలిసిపోతుంది.