నరకం ఎవరి కోసం?

"తప్పు, కళ్ళు పోతాయి!"

మన తెలుగిళ్ళలో పిల్లలకి దేవుడు మొట్టమొదట పరిచయమయ్యేది ఈ మాటతోనే. నైవేద్యం పెట్టకముందే పులిహోర గిన్నెలో చెయ్యి పెడితే కళ్ళు పోతాయి. పుస్తకానికి కాలు తగిలి కళ్ళకద్దుకోకపోతే చదువు రాదు. అబద్ధమాడితే ఆడపిల్లలు పుడతారని వొక శాపం కూడా వుంది. దాని సంగతి తర్వాత చూద్దాం. చెంపలు వేసుకుని మూడు గుంజీళ్ళు తీస్తే మాత్రం స్వామి వెంటనే క్షమించేస్తాడు. అంటే బడిలో వెయ్యకముందే దండం, దండన రెండూ కవల పిల్లల్లా ఆ చిన్న బుర్రలోకి వెళ్ళిపోతాయన్నమాట.

ఆ పిల్లలే కాస్త పెద్దయ్యాక అడుగుతారు. "దేవుడు అంత గొప్పవాడైతే మనం పొగడకపోతే ఆయనకేం లోటమ్మా? అంత దయగలవాడైతే మనుషుల్ని నూనెలో వేయించడమెందుకు?" మనం "పిచ్చి ప్రశ్నలు వెయ్యకు" అని కసురుకుంటాం. కసిరినంత మాత్రాన అది పిచ్చి ప్రశ్న అయిపోదు. మతాలన్నీ ఆరాధించమని, లేకపోతే నరకమని ఎందుకు చెప్పాయి?

ఇదేదో మన వొక్కళ్ళకే వున్న అలవాటు అనుకోకండి. పూర్వం ఈజిప్టువాళ్ళు చనిపోయినవాడి గుండెని త్రాసులో వొక పక్క, సత్యదేవత ఈకని ఇంకో పక్క పెట్టి తూస్తారని నమ్మారు. పాపంతో బరువెక్కిన గుండెని వొక వింత మృగం మింగేస్తుంది. పారశీకుల మతంలో చనిపోయినవాళ్ళు దాటవలసిన వంతెన పుణ్యాత్ముడికి రాజబాటలా వెడల్పవుతుంది, పాపి కాలు పెడితే కత్తి అంచులా సన్నబడుతుంది. క్రైస్తవులకి ఆరని అగ్ని వుంది. ముస్లిముల జహన్నంకి ఏడు ద్వారాలు. కరుణకి మారుపేరైన బుద్ధుడి మతంలో కూడా అవీచి అనే ఘోర నరకం వుంది. ఇన్ని దేశాలవాళ్ళు ఇన్ని రకాలుగా చెప్పారంటే ఆ అవసరమేదో మనిషిలోనే వుండి వుండాలి.

విచిత్రమేమంటే, ఋగ్వేదంలో యముడు భయంకరుడు కాడు. మనుషుల్లో అందరికంటే ముందు చనిపోయి, వెనక వచ్చేవాళ్ళకి దారి కనుక్కున్నవాడు. ఆయన లోకం పితృదేవతలతో కలిసి సంతోషంగా వుండే చోటు. వేయించే కళాయిలూ, కాల్చే ఇనుప బొమ్మలూ అక్కడ కనపడవు. ఆ పెద్దమనిషికి దున్నపోతూ, పాశమూ, చిట్టా పట్టుకున్న చిత్రగుప్తుడూ సమకూడింది పురాణాల కాలానికే. మధ్యలో ఏం జరిగి వుంటుంది?

భాగవతం పంచమ స్కంధం చివర శుకమహర్షి పరీక్షిత్తుకి 28 నరకాలు వరసగా చెప్తాడు. తీరిక చేసుకుని వొకసారి చదవండి. నేరాల జాబితా చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఇతరులకి పెట్టకుండా తానొక్కడే తినేవాడికి కృమిభోజనం. పురుగుల కుంటలో పురుగై పుడతాడు. ఇంటికొచ్చిన అతిథిని కొరకొర చూసిన గృహస్థు కళ్ళని గద్దలూ కాకులూ పొడిచి పీకుతాయి. డబ్బు కూడబెట్టి కాపలా కాసే పిసినారిని యమభటులు సాలెవాళ్ళలా దారం పెట్టి ఒళ్ళంతా కుట్టేస్తారు. ఆ నరకం పేరు సూచీముఖం. నాలుక రుచికోసం ప్రాణమున్న పక్షుల్నీ జంతువుల్నీ వండుకునేవాడికి మనందరికీ పేరు తెలిసిన కుంభీపాకం. అన్నిటికంటే నాకు నచ్చింది సూకరముఖం. నిరపరాధిని శిక్షించిన రాజునీ, రాజోద్యోగినీ చెరుకుగడల్లా పిండే చోటది.

ఇప్పుడు ఆలోచించండి. దొంగకీ హంతకుడికీ రాజుగారి కొరడా వుండనే వుంది. కానీ ఒంటరిగా తినేవాణ్ణి ఏ కోర్టుకి లాగుతారు? అతిథిని చూసిన చూపుకి సాక్షి ఎవరు? రాజే తప్పు చేస్తే అతన్ని పట్టుకునే భటుడెవడు? చట్టం చెయ్యి అందని చోటనే ఈ నరకాలన్నీ మొదలవుతున్నాయి. ఎవరూ చూడని చీకట్లో కూడా ఎవరో చూస్తున్నారని మనిషికి చెప్పాలి. అందుకని వొక చిత్రగుప్తుణ్ణి కూర్చోబెట్టారు.

దీనికి ఇంకో ముఖం కూడా వుంది. భర్త పోగానే పొలం కాజేసిన మరిదిని వొక విధవరాలు ఏం చెయ్యగలదు? ప్లీడరు ఫీజుకి డబ్బు లేదు, చెప్పుకుందామంటే వినేవాడు లేడు. "పైవాడు చూస్తున్నాడు" అని ముక్కు చీదుకుని లేస్తుంది. నరకం ఆమె పాలిట వొక న్యాయస్థానం. అది కూడా లేదంటే ఆమెకి బతుకు మీద మిగిలే నమ్మకమేమిటి? చదువుకున్నవాళ్ళం మనం నరకాన్ని చూసి నవ్వేముందు ఆమె ముఖం కూడా వొకసారి చూడాలి. అయితే వొక చిక్కుంది. తీర్పు పైలోకంలో చెప్తారు గనక ఇక్కడ మరిదిగారు మూడు పంటలూ తింటూనే వుంటాడు. ఆమె ఓర్పు ఆమెకి ఓదార్పు. అతగాడికి మాత్రం సౌకర్యం.

ఇలా చూస్తే ప్రతి నరకాన్నీ వొక ప్రశ్న అడగాలనిపిస్తుంది: అమ్మా నరకమా, నువ్వు ఎవరిని కాపాడుతున్నావు? సూకరముఖం బలహీనుణ్ణి బలవంతుడి నించి కాపాడుతోంది. కృమిభోజనం ఆకలిగొన్నవాణ్ణి కాపాడుతోంది. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టనివాళ్ళని నిత్యాగ్నికి పంపుతానని బైబిల్లో ఏసుక్రీస్తు చెప్పిందీ ఇటువంటి మాటే. కానీ ఆ 28లోనే వేదమార్గం వదిలినవాడికి కత్తుల్లాంటి ఆకులున్న అడవి కూడా వుంది. అది ఎవరిని కాపాడుతోంది? ప్రశ్న వేసేవాడి నించి, జవాబు చెప్పలేనివాణ్ణి!

ఇక మన ఆడవాళ్ళ సొంత నరకం సంగతికొద్దాం.

1977లో యమగోల వచ్చినప్పుడు జనం యముణ్ణి చూసి పడీ పడీ నవ్వారు. తర్వాత 1988లో యముడికి మొగుడు, 1994లో యమలీల, 2007లో యమదొంగ. పాపం, యమధర్మరాజుగారు మనకి వొక హాస్యపాత్ర అయిపోయాడు. యముణ్ణి చూసి నవ్వడం ఇంత బాగా నేర్చుకున్నవాళ్ళం, పున్నామ నరకాన్ని చూసి నవ్వడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు.

మిగిలిన నరకాలకి పోవాలంటే ఏదో వొక పాపం చెయ్యాలి. పున్నామ నరకానికి ఏ పాపమూ అక్కర్లేదు. కొడుకు పుట్టకపోతే చాలు. పుత్ అనే నరకం నించి తండ్రిని రక్షించేవాడు గనక పుత్రుడన్నారని మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం చెప్తుంది. అదే అధ్యాయంలో, ఆ శ్లోకానికి కాస్త ముందే, కూతురు కొడుకుతో సమానమని కూడా వుంది. ఆ ముక్క ఏ పురోహితుడి నోటా, ఏ అత్తగారి నోటా వినపడదెందుకో! ఇంకో సంగతి కూడా చెప్పాలి. శుకమహర్షి అంత ఓపిగ్గా లెక్కపెట్టిన 28 నరకాల్లో ఈ పున్నామం పేరు లేనేలేదు.

లేని పేరు మన ఇళ్ళలో ఎంత పని చేసిందో తలుచుకుంటే గుండె చెరువవుతుంది. ఇద్దరు ఆడపిల్లల తర్వాత ఒంట్లో శక్తి లేకపోయినా మూడో కానుపుకి సిద్ధపడ్డ తల్లులెందరు! కడుపులో వున్నది ఆడో మగో చెప్పకూడదని 1994లో చట్టమే చెయ్యవలసి వచ్చింది. పుట్టబోయే బిడ్డని చంపడం మహాపాపమని చెప్పిన శాస్త్రాలనే పక్కన పెట్టి, నరకం తప్పించుకోవడానికి ఆ పాపమే చేశారు మనవాళ్ళు. భయం మనిషిని మంచివాణ్ణి చేస్తుందనేవాళ్ళకి ఇంతకంటే జవాబేం కావాలి? ఆస్తిలో కూతురికి సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టం ఇచ్చింది, 2005లో దేశమంతటా వచ్చింది. పొలంలో వాటా దక్కినా, తండ్రిని నరకం దాటించే అధికారం మాత్రం చాలా ఇళ్ళలో ఇంకా కొడుకుదే. తలకొరివి పెట్టడానికి కూతురు ముందుకొస్తే ఇవాళ్టికీ బంధువులు గుసగుసలాడతారు.

భయం లేకపోతే మనుషులు చెడిపోతారా? గోరాగారు దేవుణ్ణీ నరకాన్నీ రెంటినీ కాదన్నారు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, తర్వాత విజయవాడకి మార్చారు. ఆయనా సరస్వతీగోరాగారూ జీవితమంతా అంటరానితనం పోగొట్టడానికి పాటుపడ్డారు. ఏ యమభటుడూ వాళ్ళ వెనక కర్ర పట్టుకుని నించోలేదు.

దేవుణ్ణి నమ్మినవాళ్ళలో మహానుభావుల్ని చూడండి, వాళ్ళకీ నరకమంటే భయం లేదు. రామానుజులవారికి గురువు మంత్రం చెప్పి, బయటపెడితే నరకమే అన్నారట. ఆయన తిన్నగా గోపురమెక్కి అందరికీ వినిపించేశారు. ఇంతమంది తరిస్తుంటే నేనొక్కణ్ణీ నరకానికి పోతే ఏం అన్నది ఆయన లెక్క. మార్కండేయ పురాణంలో విపశ్చిత్తు అనే రాజు, వొక భార్య మోజులో పడి ఇంకో భార్యని నిర్లక్ష్యం చేసినందుకు కాసేపు నరకానికి వెళ్ళవలసి వస్తుంది. ఆయన మీంచి వచ్చిన గాలికి అక్కడివాళ్ళ బాధ చల్లారుతుంది. ఇక స్వర్గానికి రమ్మంటే, వీళ్ళని వదిలి రానంటాడు. చివరికి తన పుణ్యమంతా ధారపోసి వాళ్ళని విడిపిస్తాడు. ఎనిమిదో శతాబ్దంలో బస్రా పట్టణంలో వున్న రాబియా అనే భక్తురాలు వొక చేత నిప్పూ, వొక చేత నీళ్ళూ పట్టుకుని పరుగెత్తిందని కథ. స్వర్గాన్ని కాల్చేసి, నరకాన్ని ఆర్పేస్తే గానీ జనం దేవుణ్ణి దేవుడి కోసం ప్రేమించరని ఆవిడ బాధ.

మరి పూజ ఎందుకు? దేవుడు పొగడ్తలకి లొంగేవాడే అయితే, చెరసాలలో కూర్చుని "నీకు నగలు చేయించినందుకు నాకిదా ఫలితం" అన్న ధోరణిలో రాముణ్ణి నిలదీసిన భద్రాచల రామదాసు గతేమవ్వాలి? ఆ దెప్పిపొడుపుల్నే మనం ఇవాళ భజనల్లో భక్తిగా పాడుకుంటున్నాం! కాబట్టి పూజ అవసరం ఆయనది కాదు, మనది. పొద్దున్న కాఫీల హడావిడిలో దీపం ముందు చేతులు జోడించిన ఆ రెండు నిమిషాలూ, ఈ ఇల్లంతా నా నెత్తిమీదే నడుస్తోందనే బరువు కాస్త దిగుతుంది. వండింది నాది కాదు అనుకుంటేనే కదా నైవేద్యం పెట్టగలిగేది, పెట్టాక పదిమందికి పంచగలిగేది! కానీ పూజనీ అదే ప్రశ్న అడగాలి. స్వామికి నేతితో చక్రపొంగలి పెట్టి, పనిమనిషికి నిన్నటి అన్నం పెడితే ఆ పూజ ఎవరికి ముట్టినట్టు?

పిల్లలకి దేవుడి గురించి చెప్పవద్దని నేననను. కుంభీపాకానికి బదులు విపశ్చిత్తు కథ చెబుదాం. నరకంలో ఏముంటుందని అడిగితే, అక్కడ కూడా పక్కవాడి బాధ చల్లార్చిన మనిషి వొకడున్నాడని చెబుదాం.

ఇక పెద్దవాళ్ళం మనం చెయ్యవలసింది వొకటుంది. ఆడపిల్లని కన్న బాలింత మంచం పక్కన కూర్చుని, "పోనీలేమ్మా, ఈసారి మగపిల్లాడు పుడతాడు" అనే ఓదార్పు మానేద్దాం. మన నోట ఆ మాట ఆగితే వొక నరకానికి తాళం పడుతుంది. శుకమహర్షి చెప్పిన 28 సంగతీ యమధర్మరాజుగారు చూసుకుంటారు. ఈ వొక్కదాని తాళంచెవి మాత్రం మన కొంగునే వుంది.